ఊరి వకీలు ఎవరి వకీలు?

1882వ సంవత్సరమున బళ్ళారి మండలమునుండి కొంతభాగమును వేఱుచేసి యనంతపురము మండలము నేర్పఱచిరి. ఆ సంవత్సరముననే రిప్పను ప్రభువు స్థానిక స్వపరిపాలనమునుగూర్చిన తన ప్రసిద్ధ తీర్మానమును వెలువరించెను. ఇట్లు మన మండలమును, ఊరిపనులను ఊరివారే చూచుకొనవలెనను భావమును ఒక్కయేటనే కన్నుదెఱచినవి. 1993లో అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణము పంచాయతీలకు రాజ్యాంగములోనే స్థానము గల్పించినది. 1994 నాటి పంచాయతీరాజ్ శాసనము మన రాష్ట్రమున వానికి రూపమిచ్చినది. ఈ సంఘములు దావాలు వేయును. వానిపైనను దావాలు పడును. వానిపక్షమున క్రొత్తగా వకాల్తా పుచ్చుకొను న్యాయవాది గ్రంథములు విప్పకమునుపే తన్ను దాను ప్రశ్నించుకొనవలసిన దొకటి కలదు: నా కక్షిదారెవరు?

సర్పంచి కబురంపును, కార్యదర్శి కాగితములు తెచ్చును, ఫీజు పంచాయతీ నిధినుండి వచ్చును. కావున సర్పంచియే కక్షిదారని తోచుట సహజము. అది పొరపాటు. సర్పంచి పంచాయతీయొక్క నోరు గావచ్చును గాని పంచాయతీ కాడు. కక్షిదారుగాని, అతనిచే నధికారము పొందినవాడుగాని చెప్పినట్లు తప్ప న్యాయవాది నడువరాదని న్యాయవాదుల మండలి నియమము. ఆ యధికారము తీర్మానములోను శాసనములోను గానరావలెనే గాని, వరండాలో జెప్పిన మాటలో గాదు. నిధుల దుర్వినియోగమునకై సర్పంచిపై విచారణ వచ్చెననుకొందము. అప్పుడు పంచాయతీ వకీలు పంచాయతీసొమ్ముతో నతనిని రక్షింపబూనుట, ఇల్లు దోచెనని నింద మోయువానికి ఆ యింటివారి డబ్బుతోనే వకీలును బెట్టుట కాదా?

రెండవ సంగతి యధికారమును గూర్చినది. సామాన్య మనుష్యుడు చట్టము వలదన్నదితప్ప తక్కినదంతయు జేయవచ్చును. స్థానికసంఘ మట్లుగాదు, శాసనము చేయుమన్నదే చేయవలెను. రాజ్యాంగముయొక్క 11వ షెడ్యూలులో 29 విషయము లున్నవిగదా యని క్రొత్త వకీలు భ్రమపడును. ఆ పట్టిక తనంతట దా నేయధికారము నీయదు. రాష్ట్రశాసనసభ యిచ్చినంతయే యధికారము. కావున ఏ వివాదమునందైనను మొదటి ప్రశ్న "మంచిపనియా?" అని గాక "చేయునధికార మెక్కడిది?" అని యుండవలెను.

మన మండలమున నీ ప్రశ్న యెండిన చెఱువుగట్టుమీద నెదురగును. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానయే సగటుగాగల యీ మెట్టసీమలో చెఱువు వరుసగా గొన్నియేండ్లు నిండకపోవుట వింతగాదు. నీరులేని చెఱువు బీడువలె గనబడును. మొదట నొకడు దానిలో వేరుసెనగ విత్తును. పిదప మఱియొకడు కంచె వేయును. మూడవవాడు పునాది త్రవ్వును. పూర్వులు చెఱువుల మరామతునకై దశబంధ ఇనాములిచ్చి కాపాడినది నీటినిమాత్రమే గాదు, నీరు రావలసిన చోటునుగూడ. కుంటలు, చెఱువులు సమాజముయొక్క యుమ్మడి సంపదయని, వానిని రక్షింపవలెనని 2001లో హించ్‌లాల్ తివారీ వ్యాజ్యెమున సర్వోన్నత న్యాయస్థానము తీర్పుచెప్పినది. 2011లో జగ్‌పాల్ సింగ్ వ్యాజ్యెమున గ్రామపు టుమ్మడి భూముల యాక్రమణలను దొలగింప బథకములు వేయుడని రాష్ట్రముల నాదేశించినది.

అయితే వెంటనే యంత్రమును దెచ్చి గోడ పడగొట్టవచ్చునా? కూడదు. ఆ 2011 తీర్పే నోటీసిచ్చి, క్లుప్తముగానైన నతని మాట విని, పిదప దొలగింపుమన్నది. ప్రభుత్వ ప్రకటన ననుసరించి భూమిలేని కూలీలకో, షెడ్యూల్డు కులములవారికో, తెగలవారికో కౌలునకిచ్చిన స్థలమువంటి యరుదైన సందర్భములలోనే క్రమబద్ధీకరింపవచ్చుననియు జెప్పినది. లండనులోని వాండ్స్‌వర్తు స్థానికమండలి, ముందుగా దెలుపక యిల్లు గట్టినాడని కూపరు అనువాని యిల్లు పడగొట్టగా, అతని మాట వినలేదు గనుక మండలిదే తప్పని 1863లోనే అచ్చటి న్యాయస్థానము చెప్పెను. మన రాజ్యాంగపు 12వ అధికరణము స్థానికసంఘమునుగూడ "రాజ్యము"లో జేర్చినది. కావున 14వ అధికరణపు సమానత్వము దానిని బంధించును. బలవంతుని కంచె విడిచి బీదవాని గుడిసె పీకుమను తీర్మానమును సమర్థించుట వకీలు పనిగాదు. అది చెల్లదని ముందే చెప్పుట యతని పని.

ఇక కష్టమైన యుదాహరణము. ఎండకాలమున బోర్లెండిపోయినవి. సర్పంచి నోటిమాటపై నొకడు రెండునెలలు ట్యాంకరుతో నీరు దోలెను. ఊరు త్రాగెను. కొంతకాలమునకు బిల్లు పెట్టగా, తీర్మానము లేదు, ఒడంబడిక వ్రాతలో లేదు, కావున చెల్లింపమని క్రొత్త పాలకవర్గ మనుచున్నది. అతడు దావా వేసెను. ఈ ప్రతివాదము చట్టమునందున్నదే. వ్రాతలేని యొడంబడికలను గౌరవించుచు బోయినచో ప్రజాధనము దొంగబిల్లుల పాలగును. వకీలేమి చేయవలెను?

1872 నాటి ఒడంబడికల శాసనపు 70వ విభాగము, ఉచితముగా జేయు నుద్దేశములేక న్యాయబద్ధముగా నొకడు చేసిన పనివలన లాభము పొందినవాడు దానికి బరిహార మీయవలెననుచున్నది. విధిప్రకారము ఒడంబడిక లేకపోయినను, కట్టించుకొన్న కట్టడములను వాడుకొన్న ప్రభుత్వము సొమ్మీయవలసినదేయని 1961లో బి.కె. మండల్ వ్యాజ్యెమున దేలినది. న్యాయమైన కోరికను సాంకేతిక ప్రతివాదములతో నోడించుట ప్రజాసంస్థకు దగదని 1979లో మద్రాసు పోర్టు ట్రస్టు వ్యాజ్యెమున సర్వోన్నత న్యాయస్థానము మందలించినది. కావున వకీలు తనంతట దానే దావా నొప్పుకొనరాదు. ఆ యధికార మతనికి లేదు. ట్రిప్పుల లెక్క తెప్పించి, ఎన్ని ట్యాంకర్లు నిజముగా వచ్చినవో విచారించి, నిజమైనంతవఱకు దీర్మానముచేసి చెల్లింపుడని వ్రాతమూలకముగా సలహా యీయవలెను. లెక్క దొంగదైనచో దానిని గట్టిగా నెదిరింపవలెను. పాలకవర్గము సలహాను ద్రోసిపుచ్చినచో, శాసనమిచ్చిన ప్రతివాదమును జెప్పవచ్చును. కాని నీరే రాలేదని యబద్ధపు టఫిడవిట్టు వేయరాదు, ట్రిప్పుల పుస్తకమును దాచరాదు. అంతవఱకు బలవంతపెట్టినచో వకాల్తా విడుచుటయే మర్యాద.

"వకీలు గెలిపించుటకుగాని నీతి బోధించుటకా?" యని కొంద ఱాక్షేపింతురు. ప్రైవేటు కక్షిదారు విషయమున నీమాటకు గొంత బలముండవచ్చును. ఇచ్చట గెలిచినదెవరు? ఓడినదెవరు? ట్యాంకరువాడును ఆ యూరి పన్ను గట్టినవాడే. ఆ నీటిని బిందెతో మోసినవారును ఆ యూరివారే. వాని నోడించి మిగిల్చిన సొమ్ము వచ్చు కఱవునాడు నీరు తేగలదా? మరల నెవడు నమ్మి యా యూరికి బండి దోలును? గెలుపువలన కక్షిదారు బీదవాడగు వ్యాజ్యెములు స్థానికసంఘములకే యెక్కువ.

రత్లాము మునిసిపాలిటీ మురికికాలువలు గట్టుటకు డబ్బులేదని వాదింపగా, ఆ సాకు చెల్లదని 1980లో సర్వోన్నత న్యాయస్థానము త్రోసివేసినది. విధి యున్నచోట బీదఱికము ప్రతివాదము గాదని దాని సారము. మఱి విధిని గుర్తుచేయవలసినవాడే దానిని దప్పించు త్రోవలు వెదకినచో ఊరి కింకెవరు దిక్కు? సర్పంచి యయిదేండ్లకు మాఱును, పాలకవర్గము మాఱును. చెఱువుగట్టు, దానిక్రింద దప్పికగొన్న జనము మాఱరు. వకాల్తానామాపై సంతకమెవరిదైనను వారే యాతని కక్షిదారులని మేము నమ్ముచున్నాము.