ఒలికిన నీరు ఎవరి సొమ్ము?

గ్రామమున బావి యున్నచోట దానిచుట్టు చప్టా యుండును; చప్టానుండి పారిపోవు సన్నని కాలువయు నుండును. చేదనుండి బిందెలోనికి వంచునప్పుడు ఒలికినది, బిందె తొలిచి పారబోసినది, కాళ్ళు కడుగుకొన్నది, అంతయు ఆ కాలువబట్టి పోయి ఏ గోడమూలనో గుంటకట్టి నిలుచును. బావినీటికి వంతులు కలవు, వాదములు కలవు, తలలు పగిలిన కలహములును కలవు. ఆ గుంటనీటి కొరకు మాత్రము ఎవ్వరును నోరు మెదపరు. అందు తుంగ మొలచును, దోమలు పుట్టును, పందులు పొరలును. బావినుండి వచ్చిన నీరే పది బారల దూరమున ఎవరికిని అక్కరలేనిదై పోవుట యెట్లు? నీరు మారినదా, చూచెడు కన్ను మారినదా?

వీరశైవులకు ఈ ప్రశ్న మిక్కిలి దగ్గరిది. జననము, మరణము, రజస్సు, ఉచ్ఛిష్టము, జాతి అను పంచసూతకములను శరణులు త్రోసిపుచ్చిరి. ఒకరు వాడి విడిచినంత మాత్రమున ఒక వస్తువు అపవిత్రము కాదనుట ఆ మార్గమునకు ప్రాణము. అయినను ఇచ్చట కొంత జాగ్రత్త వహింపవలెను. ఎంగిలి లేదనుట వేరు, మాలిన్యము లేదనుట వేరు. చాకలిసోడా కలిసిన నీరు కూరమడికి తగదనుట అది ఎంగిలియని కాదు; అందలి సోడియము నేలలో పేరుకొని మన్నును అట్టకట్టించును గనుక. పేడనీరు చెట్ల పాదులకు మేలుచేయును గాని, పచ్చిగా తినెడు కొత్తిమీరకును ముల్లంగికిని పెట్టరాదు. మరుగుదొడ్డి నీటిని వీనిలో దేనితోను కలుపరాదు. ఆచారభయమును విడిచినవాడు రోగభయమును కూడ విడువవలెనని ఏ శరణుడును చెప్పలేదు.

పూర్వము ఇంటి స్త్రీలకు ఈ విభాగము చదువుతో పనిలేకయే తెలిసియుండెను. బియ్యము కడిగిన నీరు, గంజి, కూరగాయల తొక్కలు కుడితి తొట్టికి పోవును. స్నానపు నీరు అరటికిని చేమకును పారును. బూడిదతో అంట్లు తోమిన నీరు కొబ్బరి పాదుకు చేరును. బూడిద పోయి సబ్బుపొడి వచ్చిన నాటినుండి ఆ లెక్క తప్పినది. తప్పిన లెక్కను తిరిగి వేసికొనువారు తక్కువ.

బావి చప్టానుండి పోవు నీరు, చప్టామీద సబ్బు వాడనంతవరకు, ఈ అన్నింటిలో శుభ్రమైనది. ఒక బావివద్ద నలువది ఇండ్లవారు ఇంటికి నాలుగు బిందెల చొప్పున చేదుకొని, బిందెకు రెండు లీటర్లు ఒలికింతురనుకొన్నచో, దినమునకు 320 లీటర్లు నేలపాలగును. పెద్ద పశువు వేసవిలో దినమునకు 50 లీటర్ల వరకు త్రాగును. పాడిగేదెకు ఇంకను ఎక్కువ కావలెను. అనగా ఆరు పశువుల దాహము ప్రతిదినము గోడమూలకు పోవుచున్నది. దానిని నిలుపుటకు గొప్ప విద్య అక్కరలేదు. చేదుకొనుచోట ఒలికిన నీటికి ఒక కాలువ వేసి పశువుల తొట్టికి చేర్పవలెను. కాళ్ళు కడుగుకొనుచోటినుండి వేరొక కాలువ తీసి చెట్లకు మళ్ళింపవలెను. రెండును బావినుండి దూరముగా వాలియుండవలెను; బావి ప్రక్కనే గుంటకట్టిన మురుగు నేలలో ఇంకి, మరల ఆ బావిలోనికే ఊరును. తొట్టిలో నీటిని దినదినము మార్పవలెను. నిలువనీటిలో వారము పదిదినములకే దోమ రెక్కలతో లేచును; బోదకాలును మోసికొని తిరుగు దోమకు మురుగునీరే పుట్టినిల్లు.

ఇప్పుడు చేదుడుబావులు అరుదైనవి. తెలంగాణమున 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ పథకము గ్రామవాసికి దినమునకు 100 లీటర్లు, దేశమంతట 2019లో ఆరంభమైన జలజీవన్ మిషన్ 55 లీటర్లు లక్ష్యముగా పెట్టుకొన్నవి. మంచిదే. కాని చేదుడుబావివద్ద నీటికి వెల చేతుల నొప్పి. ఆ వెల కట్టినవాడు బిందెను జాగ్రత్తగా వంచెను. కుళాయికి అట్టి వెల లేదు. తల ఊడిన కుళాయి తెల్లవార్లు కారినను ఎవరి భుజమును నొప్పిపుట్టదు.

అసలు చిక్కు ఇచ్చటనే కలదు. కారెడు కుళాయి క్రింద ఒకడు నాలుగు అరటిపిలకలు నాటెననుకొందము. అవి ఏపుగా పెరిగినవి; గెల వేసినవి. కుళాయి చెడినదని పంచాయతికి చెప్పవలసినవాడు ఇక చెప్పునా? వ్యర్థమును వినియోగింప మొదలిడినవాడు కొంతకాలమునకు వ్యర్థమును కోరుకొనువాడగును. హైదరాబాదు దిగువన మూసీ వెంబడి పట్టణపు మురుగునీటితో గడ్డి పెంచి గేదెలను మేపుచున్నారు. ఆ రైతులను నిందింపరాదు. వేరు నీరు వారికి దొరకదు. అయినను ఒక మహానగరపు మలినమే వారి జీవనాధారమగుట సంతోషింపదగిన విషయము కాదు.

ఈ చిక్కును ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ పన్నెండవ శతాబ్దముననే చూపినది. కల్యాణమున బసవేశ్వరుని మహామనె ముంగిట నేలరాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఒకరి చేతిలోనుండి జారినదానిని వ్యర్థము కానీయక, దానితోనే జంగమార్చన జరుపుచుండిరి. ఒకనాడు అతడు అలవాటుకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. ఆ హెచ్చు బియ్యము తమది కాదనియు, తీసిన చోటనే పోసి రమ్మనియు పంపివేసెను. నేలరాలిన గింజకును హద్దుండునా యని లోకము నవ్వవచ్చును. ఏరుకొనుటకును కూడబెట్టుటకును నడుమ నున్న సన్నని గీతను ఆ యిల్లాలు చూచినది. రాలినదని తెచ్చుకొనుట కాయకము; ఎక్కువ రాలెను గదా యని తెచ్చుకొనుట ఆశ.

అయినచో ఆ అరటిపిలకలవాడు సెంటు భూమియు లేని నిరుపేద యైన నేమి? కుళాయి బాగుచేయించి అతని నాలుగు చెట్లను ఎండబెట్టుట ధర్మమా? కాదు. కుళాయిని బాగుచేయింపవలెను, అతనికి నీటిని వాటాగా ఇయ్యవలెను. కారిపోవు నీరు వానికి చేరుచున్నదిగదా యని ఊరు తృప్తిపడుట సులభము. అందు ఎవ్వరికిని ఖర్చు లేదు. మిగిలినది విదిలించుట దాసోహము కాదు. దాసోహమున ఇచ్చువాడు తన భాగమునుండి తీసి యిచ్చును, ఇచ్చుచు తలవంచును.

ఒకరు పోసినప్పుడు దోసిలి పట్టి త్రాగవలసినదే గాని బావిగట్టు నెక్కరాదని కొన్ని కులములవారిని తరతరములు దూరముగా నిలిపిన దేశమిది. 1927లో మహాడ్ చవదారు చెరువువద్ద అంబేడ్కరు నాయకత్వమున జనులు నీరు త్రాగుటయే సత్యాగ్రహమైనది. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగపు 15వ అధికరణము ప్రభుత్వధనముతో నిర్వహింపబడు లేదా సామాన్య ప్రజలకు అంకితమైన బావులను, చెరువులను, స్నానఘట్టములను కులము పేరిట ఎవ్వరికిని నిరాకరింపరాదని శాసించినది. జాతిసూతకము లేదని అంతకు ఎనిమిది శతాబ్దములకు మున్నే చాటిన శరణుల వారసులు, వాడిననీటి పంపకమున మరల ఆ పాత వరుసనే పెట్టుట తగదు.

కావున కాలువ త్రవ్వుటకు ముందే వాలు చూడవలెను. బావి సాధారణముగా ఊరినడుమ మెట్టయందుండును. మురుగు పల్లమునకు, అనగా పేదల ఇండ్లవైపునకు పారును. ఇంతకాలము ఆ వాడకు దక్కినది దోమలు మాత్రమే. ఆ నీరు తోటకు పనికివచ్చునని తెలిసిన పిమ్మట, పైవాడలో కలిగినవాని పెరటివద్దనే అడ్డుకట్ట వేయుట న్యాయము కాదు. తొట్టి దారిప్రక్కన, ఏ యింటి ప్రహరీకిని లోపల కాక, మేకపిల్లకును మూతి అందునంత ఎత్తున ఉండవలెను. చెట్ల ఫలసాయము కాలువ చివరనున్న వాడకు చెందవలెను. కాలువలోని పూడిక తీయు వంతు, తొట్టి కడుగు వంతు మాత్రము నీరు తోడుకొనెడు ప్రతియింటికిని వరుసగా రావలెను; ఊరిలో మఠమున్నచో మఠమునకు కూడ.