గోడమీది పటం, దానిలోని మనిషి



గృహ దీవెనకు ముందు ఏ పటం ఎక్కడ తగిలించాలన్న చర్చ మన సింగరేణి క్వార్టర్లలో మామూలే. తిరుహృదయ పటం విషయంలో ఎవరికీ సందేహం ఉండదు. యూదుల ప్రార్థననో, పండుగనో చూపే చిత్రమైతే మాత్రం "అది మన మతం కాదు గదా, పెట్టుకోవచ్చా?" అని అడుగుతారు.

నిజానికి అటువంటివి మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నాయి. బాలయేసును దేవాలయంలో సమర్పించే పటం చూడండి. మోషే ధర్మశాస్త్రం ప్రకారం బిడ్డను తీసుకొని యెరూషలేము వెళ్లిన మరియమ్మ, జోజప్పలు పేద యూద దంపతులు. కడరా భోజనం పటంలో ఉన్నది పాస్క పండుగ విందు. కనుక పెట్టుకోవచ్చా అన్నది అసలు ప్రశ్న కాదు. ఎటువంటిది పెట్టుకోవాలి అన్నదే ప్రశ్న.

స్వరూపానికి చేసిన గౌరవం దానిలో కనిపించే వ్యక్తికే చేరుతుందని క్రీ.శ. 787లో రెండవ నీకేయా మహాసభ బోధించింది. ఆ మాట నిజమైతే, బొమ్మలో చేసిన అవమానం కూడా ఆ మనిషికే చేరుతుంది. ఐరోపాలో శతాబ్దాల తరబడి యేసును సౌమ్యంగా గీసి, ఆయన చుట్టూ ఉన్న యూదులను వంకర ముక్కులతో, క్రూరమైన చూపులతో గీసిన చిత్రాలు ఎన్నో వచ్చాయి. యేసు, మరియమ్మ, అపోస్తలులు కూడా యూదులేనన్న సత్యాన్ని అవి మరుగుపరిచాయి. రోజూ అటువంటి పటం చూసే బిడ్డ, జ్ఞానోపదేశం మొదలుకాకముందే ద్వేషం నేర్చుకుంటుంది. నాజీలు అరవై లక్షలమంది యూదులను చంపగలిగారంటే, ఆ ద్వేషానికి నేల చాలాకాలంగా సిద్ధమై ఉంది. యూదులను దేవుడు విసర్జించినవారిగా, శాపగ్రస్తులుగా చూపరాదని రెండవ వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న స్పష్టం చేసింది.

మన బతుకులోనే పోల్చి చూద్దాం. పట్నంలో ఒకరు గని కార్మికుని బొమ్మ గోడకు పెట్టుకున్నారనుకోండి. మసి ముఖంతో తాగి తూలుతున్నట్టు గీస్తే మన మనసు నొచ్చుకుంటుంది. షిఫ్టు దిగి, అలసటతోనే అయినా తలెత్తుకుని ఇంటికి వస్తున్నట్టు గీస్తే, దాని ముందు ఆగి "ఇది మా నాయనే" అంటాం. యూదుల చిత్రానికీ ఇదే కొలత. ఆ బొమ్మలోని మనిషి మన ఇంటికి వస్తే, దాన్ని ఆయనకు చూపించగలమా?

ఇది వట్టి ఊహ కాదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయీము అనే తెలుగు యూదులు ఉన్నారు. వారికి ప్రార్థనా మందిరం ఉంది, సబ్బాతు పాటిస్తారు. యూదుల ప్రార్థన గతించినది కాదు, మన భాష మాట్లాడే ఇళ్లలోనూ సజీవంగా ఉంది.

"విగ్రహాలు వద్దన్న ప్రజల బొమ్మ పెట్టవచ్చా?" అని మరో సందేహం. పూజించడానికి చేసుకోవద్దన్నది ఆ ఆజ్ఞ భావం. సిరియాలోని దూరా యూరోపోస్‌లో బయటపడిన 3వ శతాబ్దపు యూద ప్రార్థనా మందిరం గోడల నిండా బైబులు చిత్రాలున్నాయి. యూద చిత్రకారుడు మౌరిత్సి గాట్లీబ్ 1878లో ప్రాయశ్చిత్త దినాన ప్రార్థించే తన ప్రజలను గీసి, వారి నడుమ తననూ చిత్రించుకున్నాడు. మరో యూదుడు మార్క్ షగాల్ 1938లో సిలువమీది యేసు నడుముకు యూదుల ప్రార్థనా శాలువ చుట్టాడు. పక్కనే యూదుల మందిరం తగలబడుతూ ఉంటుంది. లోపలినుంచి చూసినవారు గీసిన ఇటువంటి చిత్రాల నకళ్లు ఎంచుకోవడం మేలు.

అయితే దాన్ని పీఠం మీద, దీపం ముందు పెట్టకండి. అది మన ఆరాధన కోసం గీసింది కాదు. భోజనాల దగ్గర పెట్టండి. "వీళ్లెవరు?" అని పిల్లలు అడిగితే, "యేసు ప్రభువు పుట్టిన ప్రజలు, నేటికీ ప్రార్థిస్తున్నవారు" అని చెప్పండి. ఆ మాట నిండు మనసుతో చెప్పలేని పటమైతే, ఎంత అందంగా ఉన్నా కొనకండి.