బలవంతపు ముసుగు



ఆదివారమున మన గ్రామ సంఘములలో ప్రార్థన ఆరంభము కాగానే స్త్రీలు చీర చెంగు తలమీదికి తీసికొందురు. పొలములో కలుపు తీయుచు ఎండకు కప్పుకొనిన ఆ చెంగే మందిరములో దేవుని యెదుట వినయమునకు గురుతగుచున్నది. అందులో ఒక అందమున్నది. అయితే ఒక ప్రశ్న అడుగనిమ్ము. ఆ చెంగు జారినందుకు రాజభటుడు వచ్చి ఆ సహోదరిని చెరసాలకు ఈడ్చుకొనిపోయిన యెడల, మరుసటి ఆదివారము ఆమె కప్పుకొనునది భక్తియా, భయమా?

ఈ ప్రశ్న ఊహవలన పుట్టినది కాదు. సికిందరాబాదు వచ్చినప్పుడు నీవు ఇరానీ హోటలులో చాయ్ త్రాగియుందువు. ఆ హోటళ్లు పెట్టినవారు విడిచి వచ్చిన ఇరాను దేశమే మన బైబిలులోని పారసీక దేశము. ఎస్తేరు గ్రంథములోని షూషను కోట ఆ దేశమందే యుండెను. అక్కడ అహష్వేరోషు రాజు విందులో ద్రాక్షారసముతో ఉల్లాసముగా నున్నప్పుడు, వష్తి రాణి సౌందర్యమును జనులకు చూపవలెనని ఆమెను పిలువనంపెను. ఆమె రానన్నది. ఆ ఒక్క మాటకు ఆమె రాణి పదవి పోయెను. అంతటితో ఆగలేదు, ప్రతి పురుషుడును తన యింట అధికారిగా నుండవలెనని 127 సంస్థానములకు తాకీదులు పోయెను. ఒక స్త్రీ కాదన్నందుకు ఒక సామ్రాజ్యమే భయపడెను!

ఆ దేశమందే మన కాలమునకు దగ్గరగా జరిగినది చూడుము. 1936 జనవరి 8న రెజా షా అను రాజు స్త్రీలు ముసుగు తీసివేయవలెనని ప్రకటించెను. పోలీసులు వీధులలో స్త్రీల తలలమీది వస్త్రములను లాగివేసిరి. అనేకులు సిగ్గుచేత ఇల్లు కదలుటయే మానిరి. 1979లో విప్లవము వచ్చెను, మతాధికారులు రాజ్యము పట్టిరి, ఆజ్ఞ తలక్రిందులాయెను. ఇప్పుడు తల కప్పుకొనవలెను. ఆ సంవత్సరము మార్చి 8న వేలాది స్త్రీలు టెహరాను వీధులలో నడిచి కాదనిరి. అయినను 1983 నాటి చట్టము ముసుగులేని స్త్రీకి 74 కొరడా దెబ్బల వరకు శిక్ష నిర్ణయించెను. అమ్మమ్మ ముసుగును ఒక ప్రభుత్వము లాగివేసెను. మనుమరాలి తలకు మరియొక ప్రభుత్వము కట్టెను. నీ మనస్సేమని ఆ స్త్రీని అడిగినవారు రెండు కాలములలోను లేరు.

2017 డిసెంబరు 27న విదా మొవహెద్ అను యౌవనస్త్రీ టెహరాను వీధిలో ఎత్తైన పెట్టెమీద నిలిచి, తన తెల్లని ముసుగును కర్రకు కట్టి, మౌనముగా ఎత్తిపట్టెను. ఆమెను చెరలో వేసిరి. ఆమెవలె చేసిన స్త్రీల తరపున వాదించిన న్యాయవాది నస్రీన్ సొతూదేను 2018 జూన్‌లో పట్టుకొనిరి. ఆమెమీది తీర్పులను కలిపిన యెడల 38 సంవత్సరముల చెర, 148 కొరడా దెబ్బలు. 2022 సెప్టెంబరులో ముసుగు సరిగా లేదని పట్టుబడిన మహ్సా అమీనీ అను 22 ఏండ్ల యువతి నిర్బంధములోనే కుప్పకూలి, 16వ తేదీన మరణించెను. 2023లో నోబెల్ శాంతి బహుమానము నర్గెస్ మొహమ్మదీకి వచ్చినప్పుడు ఆమె ఎవిన్ చెరసాలలో నుండెను. ఆమె బిడ్డలు ఓస్లో నగరమునకు పోయి తల్లికి బదులుగా దానిని అందుకొనిరి.

ఆ ఎవిన్ చెరసాల మన విశ్వాసులనును ఎరుగును. 2009లో మరియం రొస్తంపూర్, మర్జియే అమీరీజాదే అను ఇద్దరు యువతులు క్రీస్తును నమ్మి, క్రొత్త నిబంధన ప్రతులు పంచినందుకు 259 దినములు చెరలో గడిపిరి. విశ్వాసము విడిచితిమని వారు అనలేదు. వీరి కథ విని మనము కన్నీరు కార్చుదుము. మంచిదే. అయితే బహాయి మతస్థులైన మహ్వష్ సాబెత్, ఫరీబా కమాలాబాదీ తమ విశ్వాసము నిమిత్తము 2008 నుండి 2017 వరకు బంధింపబడి, 2022లో మరల పట్టుకొనబడిరి. వారికొరకు మన కన్నీరు ఎండిపోవునా? మన వారికి మాత్రమే మనస్సాక్షి కలదనుకొనువాడు మనస్సాక్షి అనగా ఏమో ఇంకను ఎరుగడు.

ఇది మన ముస్లిం పొరుగువారిని దూషించుటకు వ్రాసినది కాదని గ్రహింపుము. ఇరానులో కాదని నిలిచి దెబ్బలు తినినవారిలో ముస్లిం స్త్రీలే ఎక్కువ. ముసుగును ప్రేమతో ధరించు ముస్లిం తల్లులు మన ఊళ్లలోను ఉన్నారు. 2022లో మన పొరుగున కర్ణాటకలో కొందరు బాలికలను తల వస్త్రము తీసినగాని తరగతిలోనికి రానీయలేదు. ఆ వ్యాజ్యెమున సుప్రీముకోర్టు న్యాయాధిపతు లిద్దరు 2022 అక్టోబరు 13న రెండు వేరు తీర్పులు చెప్పిరి. టెహరానులో ముసుగు విప్పిన స్త్రీ కొరకు ప్రార్థించువాడు, చదువుకొనుటకు వచ్చి ముసుగు విప్పనేరక ద్వారమున నిలిచిన ఈ బాలిక కొరకును ప్రార్థింపవలెను. కట్టు చెయ్యి, లాగు చెయ్యి వేరు వేరు కావు.

“పౌలు తల కప్పుకొనుమని వ్రాసెను గదా” అందువేమో. వ్రాసెను. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక పదునొకండవ అధ్యాయము తెరచి నెమ్మదిగా చదువుము. అక్కడ అతడు కారణములు చెప్పును, వాదించును, తుదకు మీలో మీరే యోచించుకొనుడని వారికే విడిచిపెట్టును. భటుని పిలువడు. చెరసాల పేరెత్తడు. ఎందుకో ఎరుగుదువా? ఈ పౌలే ఒకప్పుడు సౌలు. ఇంటింట జొచ్చి పురుషులనే గాక స్త్రీలనును ఈడ్చుకొనిపోయి చెరసాలలో వేయించినవాడు. మత భేదము నిమిత్తము స్త్రీలను బంధించుట ఎట్టిదో అతడు పుస్తకములో చదువలేదు; తన చేతులతో చేసెను. దమస్కు త్రోవలో ప్రభువు అతని నాపిన తరువాత ఆ చేతులు కలము పట్టెను, సంకెళ్లు మోసెను; మరి ఎవరిని ఈడ్వలేదు. సంఘమునకు బోధించు అధికారము సౌలుది కాదు, పౌలుది.

మన తెలుగు నేలమీద ఒక బాలిక ఈ మార్గమును పట్టెను. 1921 ఏప్రిలులో గాంధీగారు కాకినాడ వచ్చినప్పుడు, పండ్రెండేండ్లు నిండని దుర్గాబాయి, దేవదాసీలును బురఖా ధరించు ముస్లిం స్త్రీలును ఆయన మాట వినవలెనని పట్టుపట్టి వారికి సభ ఏర్పరచెను. ఆమె ఎవరి బురఖాను లాగలేదు. వినుటకు వారికి త్రోవ చేసెను. తరువాత 1930 మొదలు ఉప్పు సత్యాగ్రహములోను, ఆ పిమ్మటను ఆమె చెరకు పోయెను. ఆ చెర దేశ స్వాతంత్ర్యము కొరకు. అక్కడ తమకు పడిన శిక్ష ఏమో, ఎందుకో తెలియని నిరక్షరులైన స్త్రీలను చూచి, న్యాయశాస్త్రము చదువ నిశ్చయించుకొనెను. మనస్సాక్షి స్వాతంత్ర్యమును 25వ అధికరణములో వ్రాసిన రాజ్యాంగ సభలో ఆమెయు ఒక సభ్యురాలు.

“క్రమము లేనియెడల సంఘము చెడిపోదా?” అని పెద్దలు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. నేనున్న సైనిక్‌పురి, పేరు చెప్పుచున్నట్లే, సైన్యములో కొలువు చేసినవారి కొరకు ఏర్పడిన కాలనీ. సైనికుడు ఆజ్ఞ ప్రకారమే వస్త్రము ధరించును. కాని అతడు కొలువులో కోరి చేరెను. కొలువు ముగిసిన దినమున ఆ వస్త్రమును మడిచి పెట్టెలో పెట్టి, తన యింట తనకు నచ్చినది కట్టుకొనును. సంఘము బోధింపవచ్చును, బతిమాలవచ్చును, మంచి ఆచారమును నేర్పవచ్చును. కాదను దారి మిగిలియున్నంతవరకే అవుననుటకు విలువ. ఆ దారిని చెరసాల గోడతో మూసిన తరువాత మిగులునది విధేయత కాదు, లొంగుబాటు. దేవుడు హృదయమును చూచువాడు గనుక, భయముచేత కప్పుకొనిన తలలో ఆయనకు రావలసిన ఘనత ఏమియు లేదు.

మన చెరసాలలకు ఇనుప కమ్మీలు లేవు గాని చెరసాలలు మనకును కలవు. తల కప్పలేదని క్రొత్తగా వచ్చిన కోడలిని అందరిలో గద్దించి, ప్రభువు బల్లయొద్దనుండి త్రిప్పి పంపుట ఒక చెర. పట్టణములో చదివి వచ్చి, చెంగు కప్పుకొనిన ముసలమ్మను చూచి నవ్వుట మరియొక చెర. ఒకటి సిగ్గుచేత కట్టును, రెండవది సిగ్గుచేత లాగును.

కావున సహోదరుడా, వచ్చే ఆదివారము చెంగు కప్పుకొనిన సహోదరిని గౌరవింపుము. కప్పుకొననిదానికి నీ ప్రక్కన చోటిమ్ము. సహోదరీ, నీవు కప్పుకొందువా, నీ ప్రభువును ప్రేమించి కప్పుకొనుము. ఆ ప్రార్థనలో దూరదేశపు చెరలలో నున్న స్త్రీలను, వారు ఏ మతస్థులైనను, జ్ఞాపకము చేసికొనుము. వారిని బంధించినవారి కొరకును వేడుకొనుము. సౌలును పౌలుగా చేసినవాడు ఇంకను జీవించుచున్నాడు.