బెత్లెహేము విడిచిన బిడ్డలు



"పిల్లలు ఊళ్ళో నిలవడం లేదు ఫాదర్" అని మన విచారణల్లో పెద్దలు తరచుగా అంటుంటారు. ఆ మాటలో బాధ ఉంది, కొంత నింద కూడా ఉంది. ఆ నింద న్యాయమైనదేనా? మనకు చాలా దూరాన ఉన్న ఒక ప్రాంతాన్ని చూసి ఈ వారం ఆలోచిద్దాం.

నార్వే దేశపు ఉత్తర కొనన ఫిన్‌మార్క్ అనే సీమ ఉంది. చలికాలంలో దాదాపు రెండు నెలలు అక్కడ సూర్యుడు ఉదయించడు. తీరాన చేపల వేటే తరతరాల జీవనాధారం. 1944 చివర్లో జర్మన్ సైన్యం వెనుదిరుగుతూ ఆ ఊళ్ళను తగలబెట్టి, జనాన్ని బలవంతంగా దక్షిణానికి తరలించింది. కొందరు గుహల్లో దాగి ఆ చలికాలం గడిపారు. యుద్ధం ముగియగానే, అధికారులు ఆగమన్నా ఆగకుండా ఎంతోమంది తిరిగివచ్చి, బూడిద మీదనే ఇళ్ళు కట్టుకున్నారు.

మంటలు కూడా విడదీయలేని ఆ ఊళ్ళను వారి మనుమలు, మనుమరాళ్ళు ఇప్పుడు తమంతట తామే విడిచి వెళుతున్నారు. చలికీ చీకటికీ భయపడి మాత్రమే కాదు. అవి వారికి పుట్టినప్పటినుంచి తెలిసినవే. చిన్న పల్లెల పిల్లలు పదహారేళ్ళకే పై చదువుకోసం ఇల్లు విడిచి, అద్దె గదుల్లో ఉండవలసి వస్తుంది. చదివిన చదువుకు తగిన పని సొంత ఊళ్ళో దొరకదు. పెద్ద ఓడలు, యంత్రాలు వచ్చాక చేపల పని కొద్దిమందితోనే సాగిపోతున్నది. ఆడపిల్లలైతే మరీ ఎక్కువగా వెళుతున్నారు. తండ్రి పడవ కొడుకుకు వస్తుంది. కూతురికి ఆ రేవులో ఏమి మిగులుతుంది?

అక్కడి ప్రభుత్వం వారిని నిందిస్తూ కూర్చోలేదు. ట్రోమ్సో నగరంలో 1972లో విశ్వవిద్యాలయం తెరిచింది. అక్కడ చదివిన వైద్యులు చాలామంది ఉత్తరానే ఉండిపోయారు. 1990 నుంచి ఫిన్‌మార్క్‌లో ఉండి పనిచేసేవారికి పన్ను తగ్గించి, చదువు అప్పులో ఏటా కొంత మాఫీ చేస్తున్నది. వలస పూర్తిగా ఆగలేదు. అయినా చదువు, పని దగ్గరకు వస్తే కొందరైనా నిలుస్తారని తేలింది.

రూతు గ్రంథం చెప్పేదీ ఇదే. బెత్లెహేము అంటే రొట్టెల ఇల్లు. ఆ ఇంటనే రొట్టె కరువైనప్పుడు ఎలీమెలెకు భార్యాబిడ్డలతో మోవాబుకు వలసపోయాడు. ప్రభువు తన ప్రజలకు మళ్ళీ ఆహారమిచ్చాడని విన్న తరువాతనే నయోమి తిరిగివచ్చింది. వస్తూ పరదేశియైన రూతును వెంటబెట్టుకొని వచ్చింది. ఆ రూతు వంశంలోనే దావీదు, మన రక్షకుడు జన్మించారు.

ట్రోమ్సోలో మరియమాత పేరిట 1861లో కట్టిన చెక్క దేవాలయం ఉంది. 1989లో రెండవ జాన్ పాల్ జగద్గురువులు ఆ నగరాన్ని దర్శించారు. ఉత్తర నార్వేలో మన కతోలిక సంఘం చిన్నది. అందులో పోలండు, ఫిలిప్పీన్స్ వంటి దేశాలనుంచి వచ్చినవారే ఎక్కువ. వారు కూడా ఎక్కడో ఒక తల్లి విడిచిపెట్టలేక పంపిన బిడ్డలే. మన శ్రీకాకుళం తీరంనుంచి గుజరాత్‌లోని వేరావల్‌కు చేపల వేటకు వెళ్ళే యువకులూ అటువంటివారే.

కాబట్టి తల్లిదండ్రులారా, వెళ్ళిన బిడ్డను నిందించకండి. వాడు ఉన్నచోట ఏ దేవాలయం ఉందో తెలుసుకొని, అక్కడి గురువులకు ఒక్క మాట చెప్పించండి. రాత్రి జపమాలలో వాడి పేరు పలకండి. మన విచారణకు పనికోసం కొత్తగా వచ్చిన కుటుంబాన్ని ఆదివారం పూజ తరువాత పలకరించండి. ఊళ్ళో బడి, పని నిలబెట్టడానికి విచారణగా మనం చేయగలిగింది ఏమిటో కలిసి కూర్చుని ఆలోచించండి.

యువతీ యువకులారా, పొట్టకోసం వెళ్ళడం పాపం కాదు. కాని ఇంటిదగ్గర ఫోను కోసం ఎదురుచూసే అమ్మను మరువకండి.

ఐగుప్తుకు వలసవెళ్ళిన తిరుకుటుంబం మన కుటుంబాలన్నింటినీ కాపాడునుగాక! ఆమెన్.