కలలో మెలకువ

జాగ్రత్తు, స్వప్నము, సుషుప్తి యని జీవునకు అవస్థలు మూడు. మేలుకొని యున్నవాడు తాను మేలుకొని యున్నానని యెరుగును. గాఢనిద్రలో నున్నవానికి బాహ్యమైన యెరుక ఏదియు ఉండదు. కలగనువాడు కలను కలయని యెరుగక, అందలి పులిని చూచి పరుగెత్తును. అందలి పాయసమును ఆరగించి తృప్తి చెందును. లేచిన పిమ్మట గాని "ఇదంతయు కల గదా!" యని నవ్వుకొనడు. ఇది సర్వజనసామాన్యము. అయితే కొందరికి అప్పుడప్పుడు వేరొక స్థితి కలుగుచుండును. దేహము నిద్రించుచునే యుండును. కల జరుగుచునే యుండును. కలలోనున్న వానికి మాత్రము "ఇది కల" యని స్పష్టముగ తెలియుచుండును. దీనిని ఎరుకగల కల యనవచ్చును.

ఇట్టి కల వచ్చినవాడు అందు ఎట్లు మెలగవలెను? కలయే గదా యని తోచినదంతయు చేయవచ్చునా? ఈ ప్రశ్న పైకి వినోదముగ కనిపించినను, లోతున ధర్మముతో ముడివడి యున్నది.

హైదరాబాదు నగరమునకు వెలుపల, శంషాబాదు ప్రాంతమున, హిమాయత్‌సాగర్ జలాశయమునకు చేరువనున్న గ్రామము కొత్వాల్‌గూడ. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము ప్రారంభమైనది మొదలు ఆ పరిసరములందు రేయింబవళ్లు విమానముల హోరు వినబడుట పరిపాటియైనది. అట్టి యూరిలో ఒక వృద్ధగృహస్థు కలడని భావింపవచ్చును. ఆయన యిల్లాలు గతించి రెండేండ్లయినది. ఆమె జీవించియున్నంత కాలము కోరిన కోరిక యొక్కటే: భర్తతో కూడి కాలినడకన తిరుమల కొండ నెక్కి స్వామిని సేవించుకొనవలెనని. "వచ్చే యేడు పోదాములే" అని ఆయన ఏటేట చెప్పుచు వచ్చెను. ఒకనాడు ఆమె మరల అడుగగా విసిగి కఠినముగ మాటలాడెను. అటుపిమ్మట ఆమె ఆ ప్రస్తావన తేలేదు. ఆ వచ్చే యేడు రానే లేదు.

ఒక వేకువజామున ఆయనకు కల వచ్చినది. పెరటిలో తులసికోట, ఆమె దీపము వెలిగించుచున్నది. ఇంటి కప్పును తాకునంత దిగువగ పెద్ద విమాన మొకటి పోవుచున్నది. దానికి చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దమే ఆయనను హెచ్చరించినది. విమానము ఇంత దగ్గరగ పోయినచో హోరు వినబడకుండునా? ఇది కల. ఆమె గతించినది. ఇట్లు తెలిసినను కల చెదరలేదు. ఆమె అట్లే నిలిచి యున్నది. అప్పుడు ఆయన మనస్సున ఒక ఆశ మెదలినది. ఇది తన కలయే యైనచో, తాను కోరిన మాట ఆమెచేత పలికింపరాదా? "మీమీద నాకు ఏ కోపము లేదండీ" యని ఆమె ఒక్కమారు అన్నచో చాలును. రెండేండ్ల బరువు దిగిపోవును.

పలికింపవచ్చునా, పలికింపరాదా యనుటయే ఇచట విచారింపదగినది.

ఎరుకగల కల యనునది కల్పితము కాదని ఆధునికులు పరీక్షించి చూచి యున్నారు. నిద్రలో కనుగ్రుడ్లు వేగముగ కదలెడు దశ యొకటి కలదని 1953లో చికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించిరి. స్ఫుటమైన కలలు ఆ దశయందే అధికముగ వచ్చును. అప్పుడు కాలుసేతుల కండరములు దాదాపుగ నిశ్చేష్టములై యుండును. కన్నులు మాత్రము కదలుచుండును. ఎరుకగల కలకు 1913లో ఫ్రెడరిక్ వాన్ ఈడెన్ అను డచ్చి వైద్యుడు ప్రత్యేకమైన పేరు పెట్టెను. 1975లో ఇంగ్లండునందు కీత్ హెర్న్, అటుపిమ్మట అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున స్టీఫెన్ లాబెర్జ్ దీనిని పరీక్షించిరి. కలయని తెలిసినంతనే కన్నులను ఎడమకు కుడికి నిర్ణీతముగ త్రిప్పవలెనని నిద్రించువారితో ముందే ఏర్పాటు చేసికొనిరి. నిద్రలో నున్నవారు అట్లే త్రిప్పిరి. యంత్రములు దానిని నమోదు చేసినవి. 2021లో అమెరికా, ఫ్రాన్సు, జర్మనీ, నెదర్లాండ్సు దేశముల పరిశోధకులు మరియొక అడుగు వేసి, కలగనువారిని వెలుపలనుండి ప్రశ్నించిరి. 8 నుండి 6 తీసివేసినచో ఎంత యని అడుగగా, కలలోనున్న వ్యక్తి కన్నులను రెండుమార్లు కదల్చి సమాధానమిచ్చిన సందర్భము కలదు. ప్రతిసారియు సమాధానము రాలేదు. అయినను వచ్చినవి నిదర్శనమునకు చాలియున్నవి.

ఈ పరీక్షలలో ధర్మజిజ్ఞాసువు గమనింపదగిన విశేషమొకటి ఉన్నది. ఆ నిద్రించువాడు మెలకువలో ఒక మాట ఇచ్చెను; కలలో దానిని జ్ఞప్తికి తెచ్చుకొని నెరవేర్చెను. అనగా కలలో ఎరుక కలిగినప్పుడు, సంకల్పమును స్మృతియు కూడ దానివెంట వచ్చుచున్నవి. అయితే కలయంతయు అతనికి వశమగుచున్నదని తలంపరాదు. ఎగురగోరినవాడు నేలకు దిగిపోవుచుండును. తెరవగోరిన తలుపు తెరచుకొనకుండును. ఎరుక వేరు, ఏలిక వేరు.

ఈ భేదమును మన ఆచార్యులు ఏనాడో నిరూపించి యున్నారు. కొత్వాల్‌గూడవలెనే శంషాబాదు ప్రాంతమున నున్న ముచ్చింతలలో 216 అడుగుల శ్రీరామానుజుల విగ్రహము 2022 ఫిబ్రవరి 5వ తేదీన ఆవిష్కరింపబడినది. దానిని చూడ వచ్చు యాత్రికులు వేలాదిమంది. ఆ మహనీయుడు శ్రీభాష్యమున కలను గూర్చి ప్రత్యేకముగ విచారించెనని వారిలో ఎరిగినవారు కొందరే యుందురు. బ్రహ్మసూత్రముల మూడవ అధ్యాయము రెండవ పాదము సంధ్యాధికరణముతో ప్రారంభమగుచున్నది. జాగ్రత్సుషుప్తుల నడిమి సంధియగుటచే కలకు సంధ్యమని పేరు. కలలో రథములు, గుఱ్ఱములు, మార్గములు సృష్టింపబడునని బృహదారణ్యకోపనిషత్తు చెప్పినది. సృష్టించువాడు జీవుడా, పరమాత్మయా? ఇదియే అచటి సంశయము.

జీవుడు కాదని రామానుజుల సిద్ధాంతము. జీవునకు స్వభావసిద్ధమైన సత్యసంకల్పత్వము కలదు గాని, సంసారదశలో అది మరుగుపడి యున్నది. తలచినది తలచినట్లు సృజింపగల శక్తి వానికుండినచో, తనకు తానే పీడకలలను ఏల సృజించుకొనును? కావున సర్వేశ్వరుడే స్రష్ట. ఆయా జీవుల కర్మమునకు తగినట్లుగ, ఆ జీవుడు మాత్రమే అనుభవించునట్లుగ, ఆ స్వల్పకాలము మాత్రమే నిలుచునట్లుగ స్వప్నపదార్థములను ఆయనయే సృజించుచున్నాడు. సూత్రమునందలి మాయాశబ్దమునకు మిథ్య యని గాక, ఆశ్చర్యకరమైన సృష్టి యని రామానుజులు అర్థము చెప్పిరి. లోకమంతయు నిద్రించుచుండగ మేలుకొని నిర్మించువాడొకడు కలడని కఠోపనిషత్తు చెప్పినదియు ఆయనను గూర్చియే.

ఇచట ఒక ఆక్షేపము తోచును. "కలయని తెలిసినవాడు కలను కొంతవరకైన మార్చుచున్నాడు గదా! అప్పుడు జీవుడే స్రష్ట కాడా?" దీనికి సమాధానము కూడ సిద్ధాంతముననే ఉన్నది. మెలకువలో చేయి ఎత్తువాడు జీవుడే. అయినను అతని ప్రయత్నమును అపేక్షించి, అనుమతి నిచ్చి నడపువాడు పరమాత్మ. చేయి ఎత్తినంతమాత్రమున జీవుడు చేతికి సృష్టికర్త కాడు. చేసిన పనికి బాధ్యుడు మాత్రమగును. ఎరుకగల కలయందును ఈ న్యాయమే వర్తించును. అచట జీవుడు స్రష్ట కాడు. కాని కర్త యగుచున్నాడు.

ఎరుకలేని కలలో జరిగినదానికి మనుజుని తప్పుపట్టుట యుక్తము కాదు. అచట "చేయుదునా, మానుదునా" యను విమర్శ లేదు. ఎరుక కలిగిన క్షణమున ఆ విమర్శ మరలివచ్చును. "కలయే గదా" యను మాట సాకుగ చెల్లదు. ఆ మాట ననగలుగుటయే వానికి తెలివి యున్నదనుటకు గుర్తు. తెలివి యున్నచోట ధర్మమున్నది. కలలో ఒకరిని హింసించి సంతోషించువాడు బయట ఎవరికిని గాయము చేయడు, నిజమే; కాని సంతోషించిన మనస్సు అతనిదే. తెల్లవారిన పిమ్మట ఆ మనస్సుతోనే అతడు లోకములోనికి రావలసి యున్నది. అట్లే కలలో తెలిసి నామస్మరణ చేసినవాని స్మరణయు వ్యర్థము కాదు.

ఇక కలలో స్వామిని రప్పించుకొనవచ్చునా యని భక్తులు కొందరు అడుగవచ్చును. తెలిసియున్న కలలో శ్రీనివాసుని రూపమును భావించుకొనుట ధ్యానమువంటిది; అందు దోషము లేదు. కాని తాను భావించుకొన్న రూపముచేత తనకు ప్రియమైన మాట పలికించుకొని, "స్వామి యిట్లు ఆజ్ఞాపించెను" అని చెప్పుట ఆత్మవంచన. స్వామి యిచ్చు కల అట్లుండదు. కొత్వాల్‌గూడకు అనతిదూరమున, ఉస్మాన్‌సాగర్ తీరప్రాంతమున వెలసిన చిలుకూరు బాలాజీ స్థలపురాణమే దీనికి నిదర్శనము. ఏటేట తిరుమల యాత్ర చేయు భక్తుడొకడు వ్యాధిగ్రస్తుడై ఒక యేడు పోలేకపోయెను. దుఃఖించుచున్న అతనికి కలలో స్వామి సాక్షాత్కరించి, తాను ఆ సమీపారణ్యముననే యున్నానని తెలిపెను. భక్తుడు ఆ చోటికి పోయి పుట్టను త్రవ్వుచుండగ పనిముట్టు దెబ్బ విగ్రహమునకు తగిలి రక్తము స్రవించెను. గోక్షీరముతో పుట్టను తడుపుమని అశరీరవాణి వినబడెను. అట్లు చేయగ శ్రీదేవీభూదేవీ సమేతుడైన స్వయంవ్యక్తమూర్తి దర్శనమిచ్చెను.

ఈ కథలో భక్తుడు కలను కోరలేదు. కలలో దేనిని శాసింపలేదు. ఆ కల అతనికి దూరప్రయాణమును తప్పించినను, అంతకంటె గురుతరమైన పనిని అప్పగించినది. అడవి చొచ్చి పుట్ట త్రవ్వవలసి వచ్చినది. త్రవ్వుటలో అపచారము జరిగినది. దానిని పాలతో కడుగవలసి వచ్చినది. కల పూర్తియైన పిమ్మటనే అతని సేవ ఆరంభమైనది. ఆముక్తమాల్యద పుట్టుకయు ఇట్టిదే. కళింగ దండయాత్రా సమయమున శ్రీకృష్ణదేవరాయలు కృష్ణాతీరమునందలి శ్రీకాకుళమున ఏకాదశీవ్రతమాచరించి నిద్రింపగా, ఆంధ్రమహావిష్ణువు కలలో సాక్షాత్కరించి గోదాకల్యాణమును తెనుగున రచింపుమని ఆజ్ఞాపించెను. రాయలకు దొరికినది విశ్రాంతి కాదు. ఒక మహాకావ్యము వ్రాయు బాధ్యత. ఆ కావ్యనాయికయైన గోదాదేవియు తనకు రంగనాథునితో వివాహమైనట్లు కలగని, ఆ కలను చెలికత్తెకు కలగనే చెప్పినది. కలయని దాచలేదు, కలయని త్రోసివేయనూ లేదు. ఆ పాశురములు నేటికిని శ్రీవైష్ణవుల వివాహములందు అనుసంధింపబడుచున్నవి.

కావున కలను పరీక్షించుటకు సులభమైన మార్గమొకటి కలదు. లేచిన పిమ్మట అది మనుజునిచేత ఏమి చేయించుచున్నది? అహంకారమును పెంచి, చేయవలసిన పనిని మరపించు కల ఎంత మనోహరమైనను నమ్మదగినది కాదు. వినయమును పెంచి, మరచిన ధర్మమును గుర్తుచేయు కల సామాన్యమైనదే యైనను ఆదరింపదగినది. ఎరుకగల కలలకై మోజుపడి, వేకువకు ముందే పలుమార్లు లేచి మరల నిద్రించు అభ్యాసములచే నిద్రను చెరుపుకొనుటయు తగదు. నిద్రయందును మెలకువయందును మితము పాటించువానికే యోగము దుఃఖనాశకమగునని గీతాచార్యుడు ఉపదేశించెను గదా!

ఇపుడు ఆ గృహస్థు సంగతి. తులసికోట యొద్ద ఆయన నిలిచి యున్నాడు. కోరిన మాటను ఆమెచేత పలికించినచో ఏమగును? ఆ మాట ఆమెది కాదు. అపరాధియు ఆయనే, క్షమించువాడును ఆయనే యగును. తాను వ్రాసికొన్న చెల్లుచీటితో అప్పు తీరునా? అంతకుమించి, బ్రతికియున్ననాడు ఆమె మాటను విననివాడు, ఇపుడు ఆమెను తన మాటకు కీలుబొమ్మను చేయుట మరియొక అపరాధము. అట్లని ముఖము త్రిప్పుకొని పోవుటయు తగదు. ఆ రూపము మిథ్య కాదు. సర్వేశ్వరుడు ఆయనకొరకు మాత్రమే, ఆ కొద్ది నిమిషములకొరకు సృజించి చూపినది. ఆమెను పలుకుమని నిర్బంధింపక, తానే పలుకవలెను. "తప్పు నాది. నిన్ను కొండకు తీసికొని పోలేదు" అని చెప్పి, గోవింద నామమును స్మరించి, ఆమె పలికినను పలుకకున్నను ఊరకుండవలెను. అచట చేయదగినది అంతే.

మిగిలినది తెల్లవారిన పిమ్మట చేయవలసినది. పరీక్షలలో పాల్గొన్నవారు మెలకువలో ఇచ్చిన మాటను కలలో మరువలేదు. అట్లే కలలో గుర్తుకు వచ్చిన మాటను మెలకువలో మరువరాదు. అలిపిరి నుండి తిరుమలకు సుమారు 3,550 మెట్లు. వృద్ధుడగుటచే ఒక్కొక్క మెట్టుకడ ఆగి ఆగి ఎక్కవచ్చును. శక్తి చాలనిచో నడువగలిగినంత దూరము నడిచి, మిగిలిన దూరము బండిలో పోవచ్చును. ఆమె పేర స్వామికి ఒక నమస్కారము చేసి రావచ్చును. దానివలన ఆమె క్షమించినదని రుజువు లభింపదు. ఆ క్షమ ఆమెయొద్దను, ఆమెకు అంతర్యామియైన స్వామియొద్దను ఉన్నది. ఆయన చేతిలో ఉన్నది నడక మాత్రమే.

కలయని తెలిసినవాడు సహితము నిద్రలోనే ఉన్నాడు. అతని శయ్యచెంత సంపూర్ణముగ మేలుకొని యున్నవాడు వేరొకడు. అట్టి నిత్యజాగరూకుడైన శ్రీనివాసుడు జీవులందరికిని కలయందును మెలకువయందును తన స్మరణమును, చేసిన బాసను చెల్లించుకొను బుద్ధిని ప్రసాదించుగాక!