చెల్లని నోటుతో తీరే రుణం

వంద తీసుకున్నవాడు వందే తిరిగిచ్చాడు. కాని ఈలోగా వందకు బస్తా బియ్యం మాట దేవుడెరుగు, గ్లాసెడు టీ కూడా రాని రోజులు వచ్చిపడ్డాయి. అతని రుణం తీరినట్టేనా? మామూలు కాలంలో ఇది పండితుల గోష్ఠిలో తప్ప వినిపించని ప్రశ్న. ధరలు పూటపూటకూ పెరిగే దేశంలో కాలుపెట్టిన బాటసారికి మాత్రం హోటలు గుమ్మంలోనే ఎదురవుతుంది. పొద్దున గదికి బేరం కుదుర్చుకుని, రెండ్రోజుల తర్వాత అదే అంకె చేతిలో పెడితే యజమానికి ముట్టేది సగమే కావచ్చు. అన్నమాట నిలబెట్టుకున్నట్టే, అయినా ఎదుటివాడి సొమ్ము తిన్నట్టే. అలాంటి చోట ధర్మాన్ని అంకెలో వెతికితే దొరకదని, చేతులు మారిన విలువలోనే వెతకాలని నా వాదన. ఆ దేశం విడిచి వెళ్లిపోగలిగినవాడి మీద ఈ బాధ్యత అక్కడే ఉండిపోయేవాడి మీదకన్నా ఎక్కువ అని కూడా.

రెండు రకాల డబ్బు ఉండటం దానంతట అదే దోషం కాదు. హైదరాబాదు శివార్లలోని చెంగిచెర్ల, ఉప్పల్, నాచారం నిజాం ఏలుబడిలో ఉన్నన్నాళ్లూ అక్కడ నడిచింది హాలీ సిక్కా. రాజ్యం పొలిమేర దాటితే బ్రిటిషు కల్దారు. ఆరు కల్దార్లకు సుమారు ఏడు హాలీలు. 1918 నుంచి నిజాం సర్కారు సొంత కాగితం నోట్లు కూడా అచ్చువేసింది. ఊరు దాటినప్పుడల్లా లెక్క మార్చుకోవలసి రావడం చికాకే గాని అందులో మోసం లేదు, ఎందుకంటే మారకం ఇద్దరికీ తెలుసు, రేపటికీ దాదాపు అంతే ఉంటుంది. అర్థశాస్త్రం తూనికలకు పౌతవాధ్యక్షుణ్ణి, నాణేల పరీక్షకు రూపదర్శకుణ్ణి పెట్టమని చెప్పి, తప్పుడు తూకానికి జరిమానా వేసింది. ద్రవ్యోల్బణం కట్టు తెంచుకున్న దేశంలో తూకం తగ్గించేది సాక్షాత్తూ సర్కారే. అక్కడ జరిమానా వేసేవాడెవడూ ఉండడు. తగ్గిన తూకాన్ని తెలిసి వాడుకోవాలా వద్దా అన్నది ఎవరికి వారే తేల్చుకోవాలి.

ఈ చిక్కు తెలుగువాళ్లకు పుస్తకాల్లో చదివితే తెలిసింది కాదు. ఉత్తరాంధ్ర, గోదావరి ప్రాంతాల నుంచి మలయా రబ్బరు, కొబ్బరి తోటలకు వెళ్లి బగాన్ దాతో వంటి చోట్ల స్థిరపడ్డవాళ్లు జపాను ఆక్రమణలో, అంటే 1942 నుంచి 1945 దాకా, దాన్ని అనుభవించారు. జపానువాళ్లు అచ్చువేసిన పది డాలర్ల నోటు మీద అరటిచెట్టు బొమ్మ ఉండేది, అందుకే అవన్నీ ‘అరటి నోట్లు’ అయిపోయాయి. మొదట్లో వాటి మీద వరుస సంఖ్యలుండేవి. తర్వాత ఆ మర్యాద కూడా పోయింది. ఎన్ని అచ్చువేశారో లెక్కే లేనప్పుడు విలువ ఎక్కడ నిలుస్తుంది? యుద్ధానికి ముందు మంచి డాలర్లలో అప్పు తీసుకున్నవాళ్లలో చాలామంది ఈ కాగితాలతో బాకీ తీర్చేసి పత్రాలు చింపించుకున్నారు. 1945 సెప్టెంబరులో బ్రిటిషువాళ్లు తిరిగిరాగానే ఆ నోట్లు చిత్తుకాగితాలయ్యాయి. మరి ఆ చెల్లింపుల మాటేమిటి? 1948లో మలయాలో వచ్చిన ఆర్డినెన్సు దీనికి ఒక పట్టిక తయారుచేసింది. ఏ తేదీన చెల్లించావో చూసి, తేదీ గడిచేకొద్దీ అరటి నోటు విలువ తగ్గిస్తూ లెక్కగట్టింది. అంకె సరిపోయినంత మాత్రాన అప్పు తీరదని చట్టమే ఒప్పుకుందన్నమాట. అంతకు పాతికేళ్ల ముందు, 1923 నవంబరులో, ఒక అమెరికా డాలరు లక్షల కోట్ల మార్కులు పలుకుతున్న రోజుల్లో, జర్మనీ అత్యున్నత న్యాయస్థానం కూడా తనఖా అప్పు విషయంలో ఇదే దారి పట్టింది. మార్కుకు మార్కు అన్న సూత్రాన్ని పక్కనబెట్టి, సద్భావనే గీటురాయి అన్నది.

మన స్మృతులు అప్పును మొదటినుంచీ వస్తువును బట్టే చూశాయి. యాజ్ఞవల్క్యుడు పెరిగిన బాకీకి పెట్టిన హద్దు బంగారానికి రెట్టింపు, ధాన్యానికి మూడింతలు, వస్త్రానికి నాలుగింతలు. ఉత్త అంకెగా మిగిలిన అప్పు ఆయన ఊహలో లేదు. అప్పును విలువతో కొలవాలన్న ఈ వాదానికి గట్టి అభ్యంతరం ఇస్లామీ ధర్మశాస్త్రం నుంచి వస్తుంది. విలువను బట్టి బాకీ పెంచుకుంటూ పోతే అది దొడ్డిదారిన వచ్చిన వడ్డీయే కదా? 1988లో కువైట్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ, తీసుకున్నన్నే తిరిగివ్వాలని, ధరల సూచీకి ముడిపెట్టకూడదని తీర్మానించింది. ఎనిమిదో శతాబ్దపు హనఫీ పండితుడు అబూ యూసుఫ్ మాత్రం నాణెం విలువ మారినప్పుడు విలువనే ఇవ్వాలన్నాడు. అకాడమీ భయం ఉత్తిది కాదు. ‘విలువ’ పేరు చెప్పి పీడించే వడ్డీవ్యాపారి ఎక్కడైనా ఉంటాడు. కాని నేనంటున్నది పుచ్చుకునేవాడు నిలదీసి అడగమని కాదు, ఇచ్చేవాడు తనంతట తాను సరిచేయమని. షరతు లేకుండా బాకీదారు ఎక్కువ చెల్లించడాన్ని ఇస్లామీ సంప్రదాయమూ మెచ్చుకుంది. అడిగే హక్కు వేరు, ఇచ్చే బాధ్యత వేరు అని విడదీస్తే సగం తగువు తీరిపోతుంది.

ఇక బాటసారి విషయం. డాలర్లు తెచ్చినవాడు మేలే చేస్తున్నాడు కదా అంటారు. చేస్తున్నాడు, ఇవ్వవలసిన నాడే ఇస్తే. చెల్లింపు వాయిదా వేసి లాభపడితే ఆ మేలు తిరగబడుతుంది. స్థానికుడు కూడా కరిగే నోటును పక్కవాడికి అంటగట్టే ప్రయత్నంలోనే ఉంటాడు, బాటసారి ఒక్కడికే ఈ నీతి దేనికి అనవచ్చు. స్థానికుడికి వేరే దారి లేదు. బాటసారికి విమానం టికెట్టు ఉంది. చీకటి బజారు మారకం ఇంకాస్త చిక్కుముడి పడిన విషయం. సర్కారు రేటుకు మార్చుకుంటే లాభం ఖజానాకే, దుకాణదారుకు ఏమీ రాదు. కాబట్టి ఆ రేటు తప్పించుకోవడాన్ని దొంగతనం అనలేను. పట్టుబడితే జైలు ప్రధానంగా మార్చిన స్థానికుడికే కావడం మాత్రం లెక్కలో వేసుకోవాలి. ధరల అదుపు అంతకన్నా చెడ్డ పరీక్ష. జింబాబ్వే సర్కారు 2007లో ధరలు సగానికి తగ్గించమని ఆజ్ఞాపిస్తే అల్మారాలు ఖాళీ అయ్యాయి. అలాంటి రోజున అగ్గువగా దొరికిందని సంచి నింపుకునే పరదేశి పూర్తిగా చట్టబద్ధంగానే ఇంకొకరి రాత్రి భోజనం పట్టుకుపోతాడు. 2009లో వచ్చిన నూరు లక్షల కోట్ల జింబాబ్వే డాలర్ల నోటు ఇప్పుడు జ్ఞాపికగా అమ్ముడుపోతోంది, చెల్లిన రోజుల్లోకన్నా ఎక్కువ ధరకే.

మలయా పట్టిక దగ్గర ఒక లోటు మిగిలింది. అది వర్తించాలంటే అప్పు ఉన్నట్టు రుజువుండాలి. షావుకారుకు పత్రం ఉంటుంది, బ్యాంకుకు ఖాతా ఉంటుంది. తోటలో రోజుకూలి అరటి నోట్లలో అందుకుని డబ్బాలో దాచుకున్న మనిషికి ఏ పత్రమూ లేదు. ఆ డబ్బా విలువ ఎవరూ లెక్కగట్టలేదు. బాటసారి ఆశ్రయించేదీ ఎక్కువగా ఇలాంటివాళ్లనే: సామాను మోసేవాడు, కారు నడిపేవాడు, రోడ్డు పక్కన వంట చేసే మనిషి. ఆ పూటే, ఆ గంటలోనే లెక్క తేల్చవలసింది వీళ్లతో. పెద్ద హోటలువాడైతే బిల్లు ఎలాగూ డాలర్లలోనే రాసుకుంటాడు.