వడగళ్ల మీదకి నెట్టేసిన తప్పు



ఏదైనా పని చెడిపోయినప్పుడు అందులో మన తప్పు ఎంత, దైవం పాత్ర ఎంత? ఈ ప్రశ్న మీకూ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. నాకు ఇది ఈ ఏడాది ఉగాది ముందు, మా డాబా మీద టమాటా మొక్కల మధ్య నిలబడి ఉన్నప్పుడు వచ్చింది.

మేం ఉండేది హైదరాబాద్‌లో. డాబా మీద 22 గ్రో బ్యాగులున్నాయి. సంక్రాంతి అయ్యాక టమాటా, మిర్చి నారు నాటాను. ఉగాది పచ్చడిలోకి మన చెట్టు మిరపకాయలే వేయాలని అమ్మ కోరిక. ఫిబ్రవరి చివరికి పూత వచ్చింది. సరిగ్గా అప్పుడే ఆఫీసులో రిలీజ్ పడింది. "అమ్మా, రోజూ పొద్దున్నే నీళ్లు పోయి, మర్చిపోకు" అని చెప్పి రెండు వారాలు డాబా ఎక్కలేదు.

ఆదివారం పైకి వెళ్లి చూస్తే తొమ్మిది టమాటా మొక్కలు వాడిపోయి తలలు వాల్చేశాయి. ఆ కోపంలో కిందికొచ్చి, "ఒక్క పని చెప్పాను, అది కూడా చేయలేదా?" అన్నాను. అమ్మ, "నువ్వు చెప్పినట్టే పోశాను రా. వాడిపోతున్నాయని సాయంత్రం కూడా పోశాను" అంది. నేను నమ్మలేదు.

మళ్లీ పైకెళ్లి ఒక మొక్క పీకాను. మట్టి బురదగా ఉంది. వేర్లు గోధుమ రంగుకి తిరిగి కుళ్లిన వాసన వస్తున్నాయి. బ్యాగులు ఎత్తి చూస్తే విషయం అర్థమైంది. డాబా పాడవకూడదని కింద ప్లాస్టిక్ పట్టా పరిచి, ఇటుకలు పెట్టకుండా బ్యాగుల్ని నేరుగా దాని మీద పెట్టింది నేనే. అడుగున చిల్లులు మూసుకుపోయి, నీళ్లు బయటికి పోయే దారి లేదు. వేర్లు కుళ్లిపోతే చుట్టూ నీళ్లున్నా మొక్క తాగలేదు. అందుకే దాహంతో వాడిన మొక్క, నీళ్లు ఎక్కువై వాడిన మొక్క పైకి ఒకేలా కనిపిస్తాయి. అమ్మ జాలిపడి ఇంకా పోసింది. నేను ఆకులు మాత్రం చూసి ఆమెని దోషిని చేశాను.

తప్పు తెలిసింది. కానీ వెంటనే కిందికెళ్లి చెప్పలేదు. రేపు చెప్దాంలే అనుకున్నాను.

రెండు రోజులకి సాయంత్రం వడగళ్ల వాన పడింది. పావుగంటలో మిరప కొమ్మలు విరిగాయి, మిగిలిన టమాటా ఆకులు చిరిగిపోయాయి. నిజం చెప్పాలంటే, ఆ తోటని చూసి బాధ కంటే ముందు నాకు హాయిగా అనిపించింది. ఇక ఎవరూ కారణం అడగరు కదా! పక్కింటి ఆంటీ అడిగితే, "ఏం చేస్తాం ఆంటీ, అంతా దైవేచ్ఛ" అన్నాను. అమ్మ పక్కనే ఉంది. ఏమీ అనలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. గీత 18వ అధ్యాయంలో 14వ శ్లోకం గుర్తొచ్చింది. ఏ పని జరగడానికైనా ఐదు కారణాలు ఉంటాయని కృష్ణుడు అక్కడ చెప్తాడు. పనికి ఆధారమైన చోటు, చేసేవాడు, పనిముట్లు, రకరకాల ప్రయత్నాలు, దైవం. దైవం లేదని అనలేదు. కానీ దాన్ని ఐదోదిగా చెప్పాడు. నేనేమో మొదటి నాలుగూ వదిలేసి నేరుగా ఐదోదాని దగ్గరికి వెళ్లిపోయాను.

ఆఫీసులో సర్వర్ పడిపోతే ఆర్‌సీఏ రాస్తాం కదా, అలా లెక్క వేసుకున్నాను. చోటు: పట్టా మీద పెట్టిన బ్యాగులు, నాది. పనిముట్లు: మూసుకుపోయిన చిల్లులు, నాదే. ప్రయత్నం: రెండు వారాలు తొంగిచూడకపోవడం, నాదే. నాటింది కూడా ఆలస్యంగానే. పగటి ఎండ 35 డిగ్రీలు దాటితే టమాటా పూత సరిగా నిలవదు, రాలిపోతుంది. దైవం లెక్కలోకి వచ్చింది వడగళ్లు ఒక్కటే. ఆ తొమ్మిది మొక్కలూ వడగళ్లకి రెండు రోజుల ముందే చచ్చిపోయాయి.

అయితే తప్పంతా నాదే అని తల బాదుకోవాలా? అదీ కాదు. కర్తని నేనొక్కణ్నే అనుకునేవాడు సరిగ్గా చూడటం లేదని అదే అధ్యాయం 16వ శ్లోకం చెప్తుంది. విరిగిన మిరప కొమ్మలకి నేను బాధ్యుణ్ని కాదు. అందుకని రాత్రంతా కుమిలిపోతే అది కూడా అహంకారమే.

"అంతా దేవుడికి వదిలేయమని పెద్దలే చెప్తారు కదా" అని మీరు అడగొచ్చు. వదిలేయమన్నది ఫలం మీద పట్టుని. బాధ్యతని కాదు. మన తప్పుని ఒప్పుకోకుండా దేవుడి పేరు మీద రాసేస్తే అది సమర్పణ కాదు, తప్పించుకోవడం. దానికి భక్తి అని పేరు పెట్టుకుంటే మన చుట్టూ ఉన్నవాళ్లు నలిగిపోతారు. నా విషయంలో నలిగింది అమ్మ.

పొద్దున్నే వంటింట్లోకి వెళ్లి, "తప్పు నాదే అమ్మా, నువ్వు సరిగ్గానే పోశావు" అన్నాను. అమ్మ కాఫీ గ్లాసు చేతికిచ్చి, "తెలుసులే. ముందు ఆ బ్యాగుల కింద ఇటుకలు పెట్టు" అంది. అంటే నేను చెప్తానా లేదా అని రెండు రోజులుగా ఎదురుచూసింది.

ఇటుకలు పెట్టాను. చిల్లులు పెద్దవి చేశాను. ఇప్పుడు వేలు రెండు అంగుళాలు మట్టిలోకి దించి, పొడిగా ఉంటేనే నీళ్లు పోస్తున్నాం. టమాటా జోలికి పోకుండా వేసవిని తట్టుకునే తోటకూర, గోంగూర, బెండ విత్తాను. విరిగిన మిరప మొక్కలకి కింది కణుపుల దగ్గర కొత్త చిగుళ్లు వస్తున్నాయి. ఉగాది పచ్చడిలోకి మాత్రం మిరపకాయలు రైతుబజార్ నుంచే వచ్చాయి.

మీ ఇంట్లో ఈ వేసవిలో ఏది వాడిపోయినా, అది మొక్క కావచ్చు, ఉద్యోగం కావచ్చు, ఒక బంధం కావచ్చు, ముందు ఆ నాలుగూ నిదానంగా లెక్కపెట్టండి. ఎవరికైనా క్షమాపణ బాకీ ఉంటే అది తీర్చేయండి. ఆ తర్వాత మిగిలింది ధైర్యంగా ఆయనకి వదిలేయండి.

శ్రీకృష్ణార్పణమస్తు.